చదువు కనిపించే చోటు

పరీక్షా ఫలితాలు వెలువడిన మరునాడు మన పట్టణాల గోడలు ముఖాలతో నిండిపోతాయి. కూడళ్లలోని ఎత్తైన బోర్డుల మీద, దినపత్రికల పుటలలో, కళాశాలల ప్రహరీల మీద చిన్న చిన్న గళ్లలో విద్యార్థుల ఛాయాచిత్రాలు, వాటి కింద మార్కులు, ర్యాంకులు దర్శనమిస్తాయి. స్టూడియోలో తెర ముందు కూర్చుని, తల నిటారుగా నిలిపి తీయించుకొన్న చిత్రాలవి. వాటిని చూసినవారికి ఆ విద్యార్థి ఎంత సాధించాడో తెలుస్తుంది. ఎలా సాధించాడో తెలియదు. తెల్లవారుజామున నిద్ర బరువుతో తెరిచిన పుస్తకం, మూడుసార్లు తప్పి నాలుగోసారి కుదిరిన లెక్క, అర్థంకాని పాఠాన్ని తోటివాడు మట్టిలో పుల్లతో గీసి చెప్పిన సాయంకాలం - ఇవేవీ ఆ గడిలో ఇమడవు. ఫలితానికి చిత్రం ఉంది, ప్రయత్నానికి లేదు.

ఇది చిన్న లోటుగా తోచవచ్చు. కాని దీని పర్యవసానం చిన్నది కాదు. గోడ మీది ముఖాలను చూసే పదహారేళ్ల పిల్లవాడు ఆ విజేతలంతా తనవంటివారు కారని, ఏదో ప్రత్యేకమైన మేధతో పుట్టినవారని భావిస్తాడు. తాను తడబడినప్పుడు ఈ లోకంలో తానొక్కడే తడబడుతున్నానని కుంగిపోతాడు. ర్యాంకు రానివాని శ్రమకైతే ఎక్కడా గుర్తే ఉండదు. ఏడాది పొడవునా అతడు చదివిన చదువు, ఫలితాల జాబితాలో పేరు లేనంత మాత్రాన, జరగనే లేదన్నట్లు చెరిగిపోతుంది. చదువును చదువుగా చూపే చిత్రాలు మనకు అవసరమయ్యేది ఇందుకే.

చదువు కంటికి కనిపించే వస్తువేనా అన్న సందేహం సహజం. ఆలోచన తలలో సాగుతుంది. దానిని ఏ కెమెరా పట్టుకోగలదు? కాని ఆలోచన శరీరంలోనూ జాడ వదులుతుంది. సమాధానం కోసం వెదకేవాని కనుబొమలు ముడిపడతాయి. జ్ఞాపకానికి తెచ్చుకొనేవాని చూపు పైకప్పు మీద నిలుస్తుంది. వల్లెవేసేవాని పెదవులు కదలుతాయి. వేలి కొసలు కనుపులను లెక్కిస్తాయి. అర్థమైన క్షణాన ముఖం మీద విరిసే వెలుగు ఏ స్టూడియో దీపమూ ఇవ్వలేనిది. ఈ జాడలను గుర్తించగల కన్ను ఉంటే చదువు కనిపిస్తుంది.

అటువంటి కంటికి నంద్యాల మంచి పాఠశాల. నల్లమల కొండలకు పడమట, కుందూ నది తీరాన, కర్నూలు-కడప కాలువ నీరు పారే పొలాల నడుమ ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. నవనందుల క్షేత్రంగా దీనికి పూర్వఖ్యాతి ఉంది. బ్యాంకు ఉద్యోగాల పోటీపరీక్షలకు శిక్షణ ఇచ్చే ఊరుగా ఆధునిక కాలంలో మరొక ఖ్యాతి వచ్చింది. ఇతర జిల్లాల నుండి యువతీయువకులు పెట్టె, పరుపుచుట్ట, పుస్తకాల సంచి పట్టుకొని ఇక్కడికి వచ్చి, గదులు అద్దెకు తీసుకొని, నెలల తరబడి చదువుతారు. డిగ్రీ పూర్తయి ఇంటి భారం భుజాల మీదికి వచ్చినవారు వారిలో ఎందరో. వారికి చదువు అలంకారం కాదు, జీవనాధారం.

ఇటువంటి ఊరిలో చదువు నాలుగు గోడల మధ్య ఆగదు. ఇరుకు గది నుండి మేడ మీదికి, మేడ మీది నుండి చెట్టు నీడకు, అక్కడి నుండి గుడి అరుగు మీదికి అది నడచి వస్తుంది. గడియారం ముందు పెట్టుకొని లెక్కలు చేసేవారు, భోజనశాలలో వంతు కోసం వేచి ఉంటూనే పదాల జాబితాను తిరగవేసేవారు, ఒకే పత్రికను పుటలుగా విడదీసి పంచుకొనేవారు - వీరందరూ ఊరివారికి నిత్యం కనిపించే దృశ్యాలే. నిత్యం కనిపించేది కనుకనే ఎవరూ పరిశీలనగా చూడరు. ఛాయాచిత్రకారుని పని అక్కడే మొదలవుతుంది. అరుదైనదాన్ని అందరూ చూస్తారు. అలవాటైనదాన్ని కొత్తగా చూడగలగడమే అతని విద్య.

నంద్యాలకు విద్యతో ఉన్న బంధం నేటిది కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన తన 'కళాపూర్ణోదయం' కావ్యాన్ని నంద్యాల ప్రభువైన కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. కృతికర్త పేరు, కృతిభర్త పేరు, కావ్యం మొత్తం మనకు దక్కాయి. కాని ఆ కవి తాటాకుల ముందు ఏ తీరున కూర్చునేవాడో, గంటం పట్టిన చేయి అలసినప్పుడు ఏమి చేసేవాడో, ఆ కాలపు బాలురు ఏ వెలుగులో పాఠం చదివేవారో మన కళ్లకు కట్టే చిత్రం మాత్రం మిగలలేదు. ఫలితం నిలిచింది, ప్రయత్నం కాలగర్భంలో కలిసింది. ఆనాటివారికి ఛాయాగ్రహణ సాధనం లేదు. నేటివారి చేతిలో అది ఉంది.

ఆ సాధనం పుట్టుకలోనే ఒక చక్కని పాఠం ఉంది. ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ డాగ్యూర్ కనుగొన్న ఛాయాగ్రహణ విధానం 1839 ఆగస్టు 19న పారిస్‌లో లోకానికి వెల్లడైంది. ఆ తేదీనే నేడు ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవంగా జరుపుకొంటున్నారు. అంతకు ముందు సంవత్సరం, 1838లో, డాగ్యూర్ పారిస్ వీథి ఒకదానిని తన కిటికీ నుండి చిత్రించాడు. బండ్లతో, బాటసారులతో కిటకిటలాడే వీథి అది. ఆనాటి పలక మీద బొమ్మ పడడానికి నిమిషాల కాలం పట్టేది. అందువల్ల కదలుతూ పోయినవారెవరూ చిత్రంలో నిలవలేదు. వీథి నిర్జనంగా కనిపించింది. ఒక మూల బూట్లు మెరుగు పెట్టించుకొంటూ ఆగిన మనిషి ఆకారం మాత్రం మిగిలింది. ఛాయాచిత్రంలో కనిపించిన తొలి మనుషులలో ఒకడుగా చరిత్ర అతనిని గుర్తుంచుకొంది. నిలకడగా ఉన్నవాడే చిత్రంలో నిలిచాడు. చదువుకూ ఇదే నియమం వర్తిస్తుందని వేరుగా చెప్పనక్కరలేదు.

తొలినాళ్లలో మన దేశంలో ఛాయాచిత్రం అధికారుల, సంపన్నుల ఇంటి ముచ్చట. ఆరవ నిజాం కొలువులో ఛాయాచిత్రకారునిగా వెలుగొంది, 'రాజా' బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ (1844-1905) తీసిన రాజప్రాసాదాలు, దర్బారులు, ప్రభువుల చిత్రాలు నేటికీ ఆశ్చర్యం గొలుపుతాయి. కెమెరా చిన్నదై, చవకై, సామాన్యుని చేతికి వచ్చాక దాని చూపు సామాన్యుని మీదికి మళ్లింది. హంగేరీలో పుట్టిన ఆంద్రే కెర్తెస్ ఈ మార్పుకు గొప్ప నిదర్శనం. 1915లో ఎస్తెర్‌గోమ్ అనే ఊరిలో ముగ్గురు బాలురు నేల మీద కూర్చుని ఒకే పుస్తకం మీదికి వంగి ఉండగా ఆయన చిత్రం తీశాడు. అటుపిమ్మట ఏ దేశంలో ఉన్నా, మేడల మీద, తోటలలో, కిటికీల పక్కన పుస్తకంలో మునిగిపోయిన మనుషులను దాదాపు అర్ధశతాబ్దం పాటు చిత్రిస్తూనే వచ్చాడు. వాటిలో కొన్నింటిని ఏర్చి 1971లో ఒక గ్రంథంగా వెలువరించాడు. ఆ చిత్రాలలో ఎవరికీ ర్యాంకు లేదు, చాలామందికి పేరు కూడా లేదు. అయినా పఠనం అనే క్రియకు అంతటి గౌరవం చేకూర్చిన గ్రంథాలు అరుదు.

అమెరికాలో లూయిస్ హైన్ అనే ఉపాధ్యాయుడు 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కెమెరాను బోధనోపకరణంగా వాడాడు. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవికి విద్యార్థులను తీసుకొనిపోయి, ఓడలు దిగే వలసజనాన్ని చూపి, సమాజాన్ని కంటితో చదవడం నేర్పాడు. తరువాత 1908 నుండి మిల్లులలో, గనులలో పనిచేసే పిల్లలను చిత్రించాడు. బడిలో ఉండవలసిన పిల్లలు యంత్రాల ముందు నిలబడిన ఆ దృశ్యాలు బాలకార్మిక నిషేధోద్యమానికి బలమైన సాక్ష్యాలయ్యాయి. చదువుకొనేవారి చిత్రానికి ఎంత విలువ ఉందో, చదువుకు దూరమైనవారి చిత్రానికీ అంతే విలువ ఉందని ఆయన కృషి చాటింది.

చదువు అంటే పుస్తకం ఒక్కటే కాదన్న సత్యం నంద్యాల నుండి కడప దారిలో సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించి ఆళ్లగడ్డ చేరితే బోధపడుతుంది. అహోబిల క్షేత్రానికి ద్వారం వంటి ఆళ్లగడ్డ శిల్పుల ఊరుగా ప్రసిద్ధం. ఇక్కడి పనిశాలలలో చెక్కిన దేవతామూర్తులు, ప్రముఖుల విగ్రహాలు ఎన్నో ప్రాంతాలకు తరలిపోతాయి. ప్రయాణికులు దారి పక్కన ఆగి, పూర్తయిన విగ్రహం ముందు నిలబడి ఫోటో తీసుకొని వెళ్లిపోతారు. విగ్రహం వెనుక రాతిపొడిలో కూర్చున్న యువకుడు వారి కంటపడడు.

ఆ యువకుడు చేస్తున్నది కూడా చదువే. శిల్పవిద్యలో పుస్తకం కన్నా ముందు కన్ను పనిచేస్తుంది. గురువు ఉలి పట్టిన కోణాన్ని, సుత్తి దెబ్బ బరువును, రాయి పలికే ధ్వనిని గమనించడమే తొలి పాఠం. తరువాత రాతి మీద గీతలు గీయడం, తాలమానం ప్రకారం ముఖానికి, మొండేనికి, పాదాలకు కొలతలు పంచడం, అనవసరమైన రాయిని మోటుగా తొలగించడం, రూపాన్ని తీర్చడం, చివరకు నునుపు పెట్టడం ఒకటొకటిగా అలవడతాయి. కాగితం మీద తప్పును చెరిపివేయవచ్చు. రాతి మీద పోయిన ముక్క తిరిగి రాదు. అందుకే శిల్పి ఒక దెబ్బ కొట్టే ముందు చాలాసేపు చూస్తాడు. చూపే అతని మొదటి పనిముట్టు, ఉలి రెండవది.

మన ప్రాచీనులు ఈ విషయాన్ని ఎరిగినవారే. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు ప్రతిమానిర్మాణం నేర్పుమని మార్కండేయ మహర్షిని అడుగుతాడు. చిత్రకళ తెలియనిదే ప్రతిమాలక్షణం తెలియదని, నృత్యం తెలియనిదే చిత్రం తెలియదని మహర్షి ఒక్కొక్క మెట్టే వెనుకకు తీసుకొనిపోయి, సంగీతం దాకా చేరుస్తాడు. ఒక రూపాన్ని సరిగా చూడాలంటే ఎన్ని విద్యల సాయం కావాలో ఆ సంవాదం తెలుపుతుంది. ఆలయ సంప్రదాయంలో నేత్రోన్మీలనం, అంటే విగ్రహానికి కన్నులు తెరవడం, ప్రతిష్ఠకు సంబంధించిన ప్రత్యేక క్రియ. శరీరమంతా సిద్ధమైన తరువాతనే శిలకు చూపు వస్తుంది. మనిషి విషయంలో క్రమం దీనికి విపర్యయం. ముందు చూపు రావాలి; ఆ తరువాతనే చేతికి నేర్పు వస్తుంది.

ఒక విద్యార్థి ఆళ్లగడ్డ శిల్పవిద్యను దృశ్యపరంగా అధ్యయనం చేయదలచుకొంటే ఒక్క చిత్రం చాలదు. ముడిరాయి మొదలు నునుపు పెట్టిన విగ్రహం దాకా ఒకే చోట నిలబడి, ఒకే కోణంలో, రోజుకొకటి చొప్పున చిత్రాలు తీయాలి. దూరం నుండి పనిశాలను, మధ్యదూరం నుండి శిల్పి కూర్చున్న భంగిమను, దగ్గర నుండి ఉలి మొనను పట్టుకోవాలి. ఉదయపు ఏటవాలు వెలుగులో రాతి మీది ప్రతి గీతా నీడ వేసి స్పష్టమవుతుంది. మధ్యాహ్నపు నిట్టనిలువు ఎండలో అదే ఉపరితలం చదునుగా తోస్తుంది. కోత యంత్రం నుండి లేచే ధూళిని, ఆ ధూళికి అడ్డుగా ముక్కుకు కట్టుకొన్న గుడ్డను కూడా చిత్రించాలి. రాతిధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అందాన్ని చూపి, దాని వెనుక ఉన్న కష్టాన్ని విడిచిపెట్టిన అధ్యయనం సగం అధ్యయనమే.

ఈ పద్ధతి ఇతర శాస్త్రాలకూ పనికివస్తుంది. నంద్యాలలో 1906లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఉంది. చుట్టుపక్కల పొలాలలో పత్తి, వరి, శనగ పండుతాయి. వృక్షశాస్త్ర విద్యార్థి ఒక ఆకు మీది మచ్చను పక్కన కొలబద్ద ఉంచి వారానికొకసారి చిత్రిస్తే తెగులు వ్యాపించే తీరు అతనికి ప్రత్యక్షమవుతుంది. బనగానపల్లె సమీపంలోని యాగంటి క్షేత్రంలో నంది విగ్రహం నానాటికీ పెరుగుతోందని జనుల విశ్వాసం. ఆ విశ్వాసాన్ని పరిహసించనక్కరలేదు. పరిశీలన లేకుండా వల్లించనూ అక్కరలేదు. దేవాలయ నియమాలకు లోబడి, ఒకే స్థానం నుండి ఒకే దూరంలో ఏటేటా ఒక చిత్రం తీసి పోల్చిచూడడం శాస్త్రీయ దృష్టికి తొలి అభ్యాసం. 1888 ప్రాంతంలో జర్మన్ పండితుడు సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ ఆల్ప్స్ పర్వతాలలోని హిమానీనదాలను ఈ రీతిగానే పదే పదే చిత్రించే పనికి శ్రీకారం చుట్టాడు. కంటికి తెలియనంత నెమ్మదిగా జరిగే మార్పును పోలిక బయటపెడుతుంది.

అయితే కెమెరా చేతిలో ఉన్నంత మాత్రాన చూపు వచ్చినట్లు కాదు. నేడు తరగతి గదిలో పాఠం ముగియగానే సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. నల్లబల్ల మీది రాత క్షణంలో తెర మీదికి చేరుతుంది. విద్యార్థి తృప్తిగా ఇంటికి పోతాడు. ఆ చిత్రాన్ని అతడు మళ్లీ తెరిచేది ఎన్నడో! పాఠం ఫోన్‌లో ఉన్నది కనుక తనలోనూ ఉన్నదని అతడు భ్రమపడతాడు. ఈ భ్రమను అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ ఒక ప్రయోగంతో పరీక్షించింది. ఒక కళాప్రదర్శనశాలలో విద్యార్థులకు కొన్ని వస్తువులను కేవలం చూడమని, మరికొన్నింటిని ఫోటో తీయమని చెప్పింది. మరునాడు అడిగితే, ఫోటో తీసిన వస్తువులు వారికి తక్కువగా జ్ఞాపకమున్నాయి. 2014లో ప్రచురితమైన ఆ పరిశోధనలో మరొక విశేషం ఉంది. వస్తువులోని ఒక భాగాన్ని ఎంచుకొని, దానిని దగ్గరగా తీసినవారి జ్ఞాపకశక్తికి మాత్రం లోటు రాలేదు. మీట నొక్కడం మరపునకు కారణమైతే, ఎంచుకొని చూడడం జ్ఞాపకానికి కారణమైంది. ఆళ్లగడ్డ శిల్పి ఉలి ఎత్తే ముందు చేసేది సరిగ్గా ఈ పనినే.

కనుక చిత్రం తీసే ముందు విద్యార్థి తనను తాను కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఇక్కడ ఏమి జరుగుతోంది? దానిని తెలిపే ముఖ్యమైన గుర్తు ఏది? వెలుగు ఏ వైపు నుండి వస్తోంది? ఈ చట్రంలో నుండి దేనిని తొలగిస్తే విషయం స్పష్టమవుతుంది? తీసిన తరువాత తేదీ, స్థలం, సందర్భం రెండు వాక్యాలలో రాసి ఉంచాలి. వ్యాఖ్య లేని చిత్రం కొన్నేళ్లకు మూగబోతుంది. నల్లబల్లను ఫోటో తీసినా, ఆ రాత్రే దానిని చూసి సొంత మాటలలో రాసుకొంటే అది చదువవుతుంది. లేకపోతే అది కేవలం నిల్వ.

మరొక ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఎదుటివ్యక్తి ఇందుకు సమ్మతించారా? పుస్తకంలో మునిగిన మనిషి తనను తాను మరచి ఉంటాడు. ఆ ఏమరుపాటే చిత్రానికి అందం. ఆ ఏమరుపాటే అతనికి రక్షణ లేని క్షణం కూడా. అద్దె గదిలోని పేదరికం, చిరిగిన చాప, ఆకలి ముఖం అతడు లోకానికి చూపదలచుకోనివి కావచ్చు. ఆడపిల్లల విషయంలో అనుమతి లేకుండా తీసిన చిత్రం చేతులు మారి ఎంత కీడు చేయగలదో నేటి విద్యార్థులకు తెలియనిది కాదు. చిత్రం తీశాక చూపించి, వద్దంటే వారి ఎదుటనే తుడిచివేయడం మర్యాద. ఉలి పోగొట్టిన రాతిముక్క వలెనే, లోకంలోకి జారిన చిత్రమూ తిరిగి రాదు.

ఈ వివేకంతో తీసిన చిత్రాలను కళాశాలలు గోడల మీద పెట్టే రోజు రావాలి. ర్యాంకుల బోర్డు పక్కనే గ్రంథాలయపు బల్ల మీదికి వంగిన తలలు, ప్రయోగశాలలో పరీక్షనాళికను వెలుగుకెత్తి చూసే కన్నులు, కొట్టివేతలతో నిండిన లెక్కల పుట, సాయంత్రం పొలం పని ముగించుకొని పుస్తకం తెరిచిన చేతులు కూడా ఉండాలి. పదో తరగతిలో ఒకసారి తప్పి మళ్లీ కూర్చున్న విద్యార్థి ఆ గోడ ముందు నిలిచినప్పుడు, అక్కడ తన శ్రమకు పోలిక దొరకాలి. ఇంతమంది ఇలాగే తప్పుతూ, దిద్దుకొంటూ నేర్చుకొన్నారన్న ధైర్యం అతనికి కలగాలి.

సూరన కాలపు విద్యార్థిని మనం చూడలేకపోయాము. రాబోయే తరాలు ఈ కాలపు విద్యార్థిని చూడగలవు. బ్యాంకు పరీక్షకు లెక్కలు చేస్తున్న నంద్యాల యువతి, గురువు చేతిని గమనిస్తున్న ఆళ్లగడ్డ యువకుడు చరిత్రలో పేర్లుగా నిలవకపోవచ్చు. వారు నేర్చుకొంటున్న క్షణం నిలిస్తే చాలు. ఒక జాతి ఏమి సాధించిందో శాసనాలు చెబుతాయి. దానిని సాధించడానికి ఎంత ఓర్పుతో నేర్చుకొన్నదో ఇటువంటి చిత్రాలే చెప్పాలి.